ఎలక్ట్రానిక్ ఉత్పత్తుల్లో షార్ట్ సర్క్యూట్ లోప పరీక్ష: సమగ్ర మార్గదర్శి

పవర్ అడాప్టర్‌లోని డయోడ్ ఒకటి షార్ట్ అయితే ఏం జరుగుతుందని అడిగితే, దాన్ని డిజైన్ చేసిన ఇంజినీరు తడుముకోకుండా "ఫ్యూజు పోతుంది" అంటాడు. చాలా సందర్భాల్లో ఆ జవాబు సరైనదే. ఫ్యూజు పోని మిగతా సందర్భాల కోసమే ఈ పరీక్ష ఉంది. కరెంటు ఫ్యూజును కరిగించేంత పెద్దది కాక, ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టను, అంటే వైండింగును మాడ్చలేనంత చిన్నదీ కాక మధ్యలో నిలబడిపోయే లోపమే అసలు ప్రమాదకరమైనది. ఈ వ్యాసంలోని దశలన్నీ చివరికి ఆ మధ్యస్థితిని వెతికి పట్టుకోవడానికి ఉద్దేశించినవే.

లోప పరీక్షలో వస్తువు పనిచేస్తూనే ఉండాలన్న నియమం లేదు. అది శాశ్వతంగా పాడైపోవచ్చు. కానీ పాడయ్యే క్రమంలో ముట్టుకున్నవారికి షాక్ కొట్టకూడదు, మంట వ్యాపించకూడదు, చేతికి తగిలే భాగం చర్మం కాలేంత వేడెక్కకూడదు. ఆడియో, వీడియో, సమాచార సాంకేతిక పరికరాలకు ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 62368-1 ప్రమాణంలోని అనుబంధం 'బి' ఈ పరీక్షను నిర్దేశిస్తుంది. పాత 60950-1, 60065 ప్రమాణాల స్థానంలో వచ్చినది ఇదే. గృహోపకరణాలకు ఐఈసీ 60335-1లోని 19వ క్లాజు, వైద్య పరికరాలకు ఐఈసీ 60601-1 వర్తిస్తాయి. వీటి భాష వేరైనా మూలసూత్రం ఒకటే: ఒకసారికి ఒకే లోపం కల్పించాలి. ఆ లోపం కారణంగా వరసగా పాడయ్యే భాగాలన్నీ ఆ ఒక్క లోపం ఖాతాలోకే వస్తాయి. స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి, దాని వెంట దాన్ని నడిపే కంట్రోలర్ ఐసీ (చిప్) పేలి, దాని వెంట రెసిస్టర్ మాడితే అవి మూడు లోపాలు కావు, ఒకటే.

చర్చ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని వెళదాం: 100 నుంచి 240 వోల్టుల ఏసీ తీసుకుని 12 వోల్టుల డీసీ, 2 ఆంపియర్లు ఇచ్చే ఫ్లైబ్యాక్ తరహా (ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తిని కాసేపు నిలిపి అవుట్‌పుట్‌కు వదిలే) అడాప్టర్. దాని ఇన్‌పుట్‌లో 2 ఆంపియర్ల టైమ్-ల్యాగ్ (కాస్త ఆలస్యంగా తెగే) ఫ్యూజు ఉందనుకుందాం.

మొదటి దశ: సర్క్యూట్ చిత్రం ముందు కూర్చోవడం

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు సర్క్యూట్ చిత్రాన్ని ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపు నడుస్తూ వెళ్ళాలి. ప్రతి భాగం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది షార్ట్ అయితే ఏమవుతుంది, ఇది తెగిపోతే ఏమవుతుంది? మన శీర్షిక షార్ట్ సర్క్యూటే అయినా రెండో ప్రశ్నను వదిలేయకూడదు, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్ మార్గంలో (అవుట్‌పుట్ వోల్టేజీ ఎంతుందో కంట్రోలర్‌కు తెలిపే దారిలో) ఒక తెగుదల అవుట్‌పుట్ వోల్టేజీని పైకి తోసేస్తుంది.

మన అడాప్టర్‌లో జాబితా దాదాపు ఇలా తయారవుతుంది. మెయిన్స్ వైపు ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలోని ఒక డయోడ్, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్; తర్వాత మాస్‌ఫెట్ కాళ్ళ జంటలైన డ్రెయిన్-సోర్స్, డ్రెయిన్-గేట్, గేట్-సోర్స్; కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్; కంట్రోలర్ ఐసీలో పక్కపక్క పిన్నులు; ఐసీకి సరఫరా ఇచ్చే కెపాసిటర్; ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (అవుట్‌పుట్ వైపు) వైండింగ్; అవుట్‌పుట్ డయోడ్, అవుట్‌పుట్ కెపాసిటర్; కాంతితో సంకేతం పంపే ఆప్టోకప్లర్‌లో ఎల్ఈడీ వైపు రెండు కాళ్ళు, ట్రాన్సిస్టర్ వైపు రెండు కాళ్ళు. వీటికి తోడు, ప్రమాణం కోరిన దూరం కంటే దగ్గరగా నడిచిన ఫంక్షనల్ ఇన్సులేషన్ (సర్క్యూట్ పనిచేయడానికి మాత్రమే అవసరమైన ఇన్సులేషన్) ట్రాకుల జంటలను కూడా షార్ట్ చేయాల్సి ఉంటుంది.

కొన్నింటిని వదిలేయవచ్చు, కానీ కారణం రాసి మరీ వదిలేయాలి. ఐఈసీ 60384-14 ప్రకారం ధ్రువీకరణ పొంది, తన రేటింగు పరిధిలోనే వాడిన ఎక్స్ కెపాసిటర్‌ను (మెయిన్స్ తీగల మధ్య పెట్టేది), వై కెపాసిటర్‌ను (మెయిన్స్ వైపు నుంచి ఎర్త్‌కో అవుట్‌పుట్ వైపుకో పెట్టేది) షార్ట్ చేయనక్కర్లేదు. ఆప్టోకప్లర్‌లో ప్రైమరీ (మెయిన్స్) వైపు కాలికీ సెకండరీ వైపు కాలికీ మధ్య షార్ట్ పెట్టకూడదు. అక్కడున్నది భద్రతా ఇన్సులేషన్, దాని పరీక్ష వేరు. ఐఈసీ 60335-1లో మరో వెసులుబాటు ఉంది: సర్క్యూట్‌లో ఒక బిందువు నుంచి సరఫరా ఎదుటి ధ్రువానికి మార్చగలిగే రెసిస్టర్ పెట్టి, 5 సెకన్ల చివర అది ఎంత సర్దినా 15 వాట్ల కంటే ఎక్కువ తీసుకోలేకపోతే, ఆ బిందువు తర్వాతి భాగాన్ని తక్కువ శక్తి సర్క్యూట్‌గా పరిగణించి అక్కడి లోపాలను మినహాయించవచ్చు. అయితే షాక్ నుంచి, నిప్పు నుంచి రక్షణ ఆ భాగం సరిగా పనిచేయడం మీదే ఆధారపడి ఉంటే ఈ మినహాయింపు చెల్లదు. ఈ షరతును చదవకుండా మొదటి వాక్యం వరకే వాడుకునేవారు చాలామంది.

నా అనుభవంలో అందరూ మరిచిపోయే భాగం కరెంటును కొలిచే రెసిస్టర్. అది ఓమ్‌లో కొద్ది వంతు విలువ ఉన్న చిన్న ముక్క, చూడటానికి ఏ ప్రమాదమూ లేనట్టుంటుంది. దాన్ని షార్ట్ చేస్తే కంట్రోలర్‌కు కళ్ళు పోయినట్టే. కరెంటు ఎంత పెరిగినా దానికి తెలియదు, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ అవుతుంది (ఇక అయస్కాంతీకరణను పట్టలేని స్థితికి చేరుతుంది), మాస్‌ఫెట్ దాన్ని తట్టుకోలేదు.

రెండో దశ: నమూనాను సిద్ధం చేయడం

ప్రతి లోపానికీ వీలైనంతవరకు కొత్త నమూనా వాడటం ఉత్తమం. అది కుదరనప్పుడు ముందుగా తక్కువ నష్టం చేసే లోపాలు, చివరికి మెయిన్స్ వైపు లోపాలు చేసే క్రమం పెట్టుకోవాలి. ఒకసారి పాడై బాగుచేసిన బోర్డు మీద వచ్చిన ఫలితాన్ని కొత్త బోర్డు ఫలితంగా చూపకూడదు.

షార్ట్ చేయాల్సిన రెండు బిందువులకు తీగలు సోల్డర్ చేసి, పెట్టె గోడకు చిన్న రంధ్రం పెట్టి బయటికి తీసి, స్విచ్‌కు కలపాలి. ఈ తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఒక మీటరుకు సుమారు 11.5 మిల్లీ ఓమ్‌లు ఉంటుంది. రానూపోనూ కలిపి మీటరు తీగ పెట్టి అందులో 100 ఆంపియర్లు పారితే తీగ మీదే వోల్టుకు పైగా పడిపోతుంది. అప్పుడు మీరు పరీక్షించింది షార్ట్ కాదు, తీగ. రంధ్రాన్ని వదులుగా వదిలేస్తే పెట్టెలోకి గాలి ఆడి వేడి తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని మూసేయాలి. తీగలు బయటికి తీసినప్పుడు మాస్‌ఫెట్ గేట్ లాంటి సున్నితమైన చోట్ల వాటి ఇండక్టెన్సే సర్క్యూట్ ప్రవర్తనను మార్చేస్తుంది. అలాంటి చోట షార్ట్‌ను బోర్డు మీదే సోల్డర్ చేసి, తర్వాత సరఫరా ఇవ్వడం మేలు.

ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌లను ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు మీద, కోర్ మీద, మాస్‌ఫెట్ దగ్గరి బోర్డు మీద, అవుట్‌పుట్ డయోడ్ మీద, పెట్టె బయట అత్యంత వేడెక్కే చోట అతికించాలి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు రెసిస్టెన్స్‌ను గది ఉష్ణోగ్రతలో కొలిచి, ఆ ఉష్ణోగ్రతతో సహా రాసుకోవాలి. ఇది తర్వాత అవసరమవుతుంది. చివరగా, వస్తువును చెక్క పలక మీద పరిచిన పల్చని టిష్యూ కాగితం మీద పెట్టి, పైన చీజ్‌క్లాత్ కప్పాలి. చదరపు మీటరుకు సుమారు 40 గ్రాములు తూగే ఈ పల్చని నూలు గుడ్డ, బయటికి చిమ్మిన నిప్పురవ్వకు సాక్షి. గుడ్డ అంటుకున్నా, మాడినా పరీక్ష విఫలమైనట్టే.

మూడో దశ: మనుషుల భద్రత

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. 264 వోల్టుల ఏసీ మీద ఫిల్టర్ కెపాసిటర్ దాదాపు 373 వోల్టులకు చార్జ్ అవుతుంది. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఆ వోల్టేజీ దగ్గర నిలిచే శక్తి సుమారు 7 జూళ్ళు. ఫ్యూజు పోయిన తర్వాత ఈ చార్జ్ ఖాళీ కావడానికి దారి ఉండకపోవచ్చు కాబట్టి, "ఫ్యూజు పోయింది కదా" అని బోర్డు మీద వేలు పెట్టడమే ఈ పనిలో జరిగే అతి సాధారణమైన ప్రమాదం. 10 కిలో ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు ఇన్సులేటెడ్ ప్రోబులు అమర్చుకుని, 5 సెకన్లకు తగ్గకుండా పట్టి, తర్వాత మీటరుతో వోల్టేజీ చూసి, అప్పుడే ముట్టుకోవాలి.

పరీక్ష బల్లను పాలికార్బొనేట్ అడ్డుతో కప్పాలి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పేలినప్పుడు వాటి టోపీ బుల్లెట్‌లా వస్తుంది. కళ్ళద్దాలు, పొగ బయటికి లాగే ఫ్యాను, కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపకం, చేతికందే దూరంలో అత్యవసర స్విచ్, గదిలో రెండో మనిషి తప్పనిసరి.

ఓసిల్లోస్కోప్ గురించి ఒక మాట. దాని మామూలు ప్రోబు క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని అడాప్టర్ ప్రైమరీ వైపు గ్రౌండుకు తగిలిస్తే, మీరు కోరుకున్న లోపం జరగకముందే కోరుకోని షార్ట్ జరిగి బ్రిడ్జి పేలిపోతుంది. ఎర్త్‌తో పనిలేకుండా రెండు బిందువుల మధ్య తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రోబు వాడాలి. వస్తువును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని అనిపిస్తుంది. కానీ అది తర్వాతి దశలో చెప్పే ఇబ్బంది తెస్తుంది.

నాలుగో దశ: సరఫరా ఎంత బలమైనది

ఈ పరీక్షలో ఎక్కువ తప్పుడు ఉత్తీర్ణతలు వచ్చేది ఇక్కడే. చిన్న వేరియాక్ (వోల్టేజీని సర్దుకునే ట్రాన్స్‌ఫార్మర్), ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, ఎలక్ట్రానిక్ ఏసీ సోర్సు, ఈ మూడూ షార్ట్ కరెంటును తమ సొంత ఇంపిడెన్సుతోనో, పరిమితి సర్క్యూట్‌తోనో అణిచేస్తాయి. మెయిన్స్ గోడ సాకెట్టు వందల ఆంపియర్లు ఇవ్వగల చోట, మీ సోర్సు 20 ఆంపియర్ల దగ్గర ఆగిపోతే, ఫ్యూజు సున్నితంగా కరిగి, గాజు గొట్టం చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే ఫ్యూజు నిజమైన మెయిన్స్ మీద పగిలి, లోపల ఆర్క్ నిలబడి, పక్క బోర్డును నల్లగా మాడ్చవచ్చు. ఐఈసీ 60127 ప్రకారం తక్కువ బ్రేకింగ్ సామర్థ్యమున్న గాజు ఫ్యూజు 35 ఆంపియర్లు లేదా తన రేటింగుకు 10 రెట్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకే సురక్షితంగా తెంపగలదు. అధిక సామర్థ్యమున్న సెరామిక్ ఫ్యూజు 1500 ఆంపియర్లను తెంపుతుంది. కాబట్టి మెయిన్స్ వైపు లోపాలను బలమైన సరఫరా మీద, బ్రేకరు ద్వారా, మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చేయాలి. తరంగరూపాలు చూసుకోవడానికి దాన్ని వేరే సందర్భంలో వాడుకోవచ్చు.

వోల్టేజీ విషయంలో 100–240 అని ముద్రించిన వస్తువుకు ఐఈసీ 62368-1 రెండు వైపులా 10 శాతం వెసులుబాటు అడుగుతుంది, అంటే 90 నుంచి 264 వోల్టులు. పేలుళ్ళు ఎక్కువగా 264 దగ్గర కనిపిస్తాయి. నెమ్మదిగా వేడెక్కే లోపాలు మాత్రం తరచూ 90 దగ్గరే ఎక్కువ బాధిస్తాయి, ఎందుకంటే అక్కడ ఇన్‌పుట్ కరెంటు ఎక్కువ. రెండు అంచులనూ చూడాలి.

ఐదో దశ: లోపాన్ని కల్పించడం, గమనించడం

పూర్తి లోడ్ మీద వస్తువు వేడెక్కి స్థిరపడిన తర్వాత స్విచ్ వేసి షార్ట్ చేయడం ఒక పద్ధతి. షార్ట్ పెట్టి ఉంచి సరఫరా ఇవ్వడం రెండోది. ఫలితాలు ఒకేలా ఉంటాయనుకోవద్దు. వేడెక్కి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో కోర్ త్వరగా సాచురేట్ అవుతుంది. సరఫరా ఇవ్వగానే షార్ట్ ఎదురైతే కంట్రోలర్ అసలు మొదలవకపోవచ్చు. ఐసీ సరఫరా కెపాసిటర్‌ను షార్ట్ చేసినప్పుడు జరిగేది సరిగ్గా అదే: అడాప్టర్ మొదలవదు, ఏమీ వేడెక్కదు, ఐదు నిమిషాల్లో ఆ లోపం పరీక్ష పూర్తవుతుంది.

అవుట్‌పుట్ డయోడ్ షార్ట్ అలా కాదు. కంట్రోలర్ రక్షణలోకి వెళ్ళి ఆగుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ ఆగుతుంది; చెవి దగ్గర పెడితే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. "రక్షణ పనిచేసింది" అని రాసి లేచిపోవాలనిపించే సమయమిదే. లేవకూడదు. ప్రతి ప్రయత్నంలోనూ కొంత శక్తి లోపలికి పోతూనే ఉంటుంది, అది వోల్టేజీ ఎగుడులను అణిచే స్నబ్బర్ రెసిస్టర్ దగ్గరో డయోడ్ దగ్గరో పోగవుతూ గంట తర్వాత అక్కడి ఉష్ణోగ్రతను ఊహించని చోటికి తీసుకెళ్ళవచ్చు. రక్షణ పరికరం శాశ్వతంగా తెగేదాకా, లేదా ఉష్ణోగ్రతలు స్థిరపడేదాకా పరీక్ష సాగాలి. 30 నిమిషాల్లో పెరుగుదల 3 కెల్విన్లు దాటకపోతే స్థిరపడినట్టు ఐఈసీ 62368-1 లెక్క.

ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఆప్టోకప్లర్ ఎల్ఈడీ కాళ్ళు షార్ట్ చేస్తే కంట్రోలర్‌కు "వోల్టేజీ చాలడం లేదు" అన్న తప్పుడు సమాచారం అందుతుంది. అది పూర్తి శక్తితో తోస్తుంది. 12 వోల్టుల అవుట్‌పుట్ మీద 16 వోల్టుల కెపాసిటర్ పెట్టి ఉంటే, ఓవర్ వోల్టేజీ రక్షణ సకాలంలో పట్టుకోకపోతే ఆ కెపాసిటర్ ఉబ్బి ఆవిరి కక్కుతుంది. ఇక్కడ ఉష్ణోగ్రతతో పాటు అవుట్‌పుట్ గరిష్ఠ వోల్టేజీని కూడా స్కోప్‌లో పట్టుకోవాలి.

ఆరో దశ: ఫ్యూజు పోయిందా, అయితే ఇంకా అయిపోలేదు

ఐఈసీ 60127 ఫ్యూజు తన రేటింగుకు 1.5 రెట్ల కరెంటును కనీసం గంటసేపు మోయాలి. అంటే మన 2 ఆంపియర్ల ఫ్యూజు 3 ఆంపియర్లను గంటపాటు నిశ్చింతగా పోనిస్తుంది. 230 వోల్టుల దగ్గర అది 690 వోల్ట్-ఆంపియర్లు. 24 వాట్ల అడాప్టర్ పెట్టెలో అంత శక్తి ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

అందుకే భద్రత ఫ్యూజు మీద ఆధారపడిన ప్రతిచోటా ఐఈసీ 60335-1 మరో పరీక్ష అడుగుతుంది. ఫ్యూజు స్థానంలో అమ్మీటరు పెట్టి అదే లోపాన్ని మళ్ళీ కల్పించి కరెంటు చదవాలి. అది ఫ్యూజు రేటింగుకు 2.75 రెట్లు లేదా అంతకంటే ఎక్కువైతే, మన ఉదాహరణలో 5.5 ఆంపియర్లు, రక్షణ సరిపోయినట్టు. 2.1 రెట్లు, అంటే 4.2 ఆంపియర్లు మించకపోతే ఫ్యూజును లెక్కలోకి తీసుకోకూడదు. దాన్ని షార్ట్ చేసి పరీక్ష నడపాలి. ఈ రెండింటి మధ్య పడితే, ఫ్యూజును షార్ట్ చేసి, త్వరగా తెగే రకానికి గరిష్ఠంగా 30 నిమిషాలు, టైమ్-ల్యాగ్ రకానికి 2 నిమిషాలు నడపాలి. నా దృష్టిలో ఏ ప్రమాణంలో పనిచేసేవారైనా ఈ అలవాటు చేసుకోవడం మంచిది.

ఫ్యూజుకు బదులు బోర్డు మీద రాగి ట్రాకు తెగితే మరింత అనుమానించాలి. ట్రాకు ఫ్యూజు కాదు. ఈ బోర్డులో తెగినది రాగి మందం కాస్త ఎక్కువైన వచ్చే బ్యాచ్‌లో తెగకపోవచ్చు. అదే ప్రమాణం ప్రకారం బోర్డు పదార్థం నీడిల్-ఫ్లేమ్ (సూదిలాంటి సన్నని మంట తగిలించే) పరీక్షకు నిలవాలి, లేచిపోయిన రాగి ముక్క ఇన్సులేషన్ దూరాలను తగ్గించకూడదు, తెగిన చోట తీగ వేసి అదే లోపాన్ని మళ్ళీ కల్పించినా వస్తువు తట్టుకోవాలి.

ఏడో దశ: సగం షార్ట్

అవుట్‌పుట్‌ను పూర్తిగా షార్ట్ చేస్తే ఏ మర్యాదగల అడాప్టర్ అయినా ఆగిపోతుంది. దానితో తృప్తిపడితే ఇంత శ్రమా వృథా. ఎలక్ట్రానిక్ లోడ్ పెట్టి కరెంటును 0.1 ఆంపియర్ చొప్పున పెంచుతూ, రక్షణ ఎక్కడ పడుతుందో చూడాలి. 3.6 దగ్గర పడిందనుకుందాం, అప్పుడు 3.5 దగ్గర నిలిపి, ఉష్ణోగ్రతలు స్థిరపడేదాకా వదిలేయాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు నిజమైన అగ్నిపరీక్ష ఇదే.

ఆపగానే వైండింగు రెసిస్టెన్స్ కొలవాలి. చల్లారుతున్నకొద్దీ అది పడిపోతుంది కాబట్టి పది సెకన్లకొకటి చొప్పున కొన్ని కొలతలు తీసుకుని, గీత గీసి, ఆపిన క్షణానికి వెనక్కి లెక్కించాలి. రాగికి సూత్రం ఇది: వేడి రెసిస్టెన్స్‌ను చల్లని రెసిస్టెన్స్‌తో భాగించి, దాన్ని 234.5కు తొలి ఉష్ణోగ్రత కలిపిన మొత్తంతో గుణించి, చివర 234.5 తీసేస్తే వైండింగు సగటు ఉష్ణోగ్రత వస్తుంది. 25 డిగ్రీల దగ్గర 1.20 ఓమ్‌లున్న వైండింగు పరీక్ష చివర 1.80 ఓమ్‌లైతే, 1.5 రెట్లు 259.5, అంటే 389.25, అందులో 234.5 పోగా సుమారు 154.8 డిగ్రీల సెల్సియస్. పరీక్ష గది 27 డిగ్రీలుండి, మాన్యువల్‌లో 40 డిగ్రీల దాకా వాడవచ్చని రాసి ఉంటే మరో 13 కలపాలి, దాదాపు 168. ఈ స్థితిలో 105 తరగతి (మామూలు వాడకంలో 105 డిగ్రీల దాకా పనికొచ్చే) ఇన్సులేషన్‌కు పరిమితి 150 కాబట్టి అది తప్పినట్టే. 130 తరగతికి 175 కాబట్టి అది గట్టెక్కుతుంది. తీగ ఒకటే, టేపు తరగతి మారితే తీర్పు మారుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారు ఇచ్చిన పదార్థాల జాబితా పరీక్షకు ముందే చేతిలో ఉండాలి.

బ్యాటరీ ఉంటే

లిథియం సెల్‌కు మన తీగల రెసిస్టెన్స్ మరీ కీలకం. రవాణాకు తప్పనిసరైన యూఎన్ (ఐక్యరాజ్యసమితి) 38.3లోని టీ5 పరీక్షలో సెల్ పై పొరను 57 డిగ్రీలకు తెచ్చి, మొత్తం బయటి రెసిస్టెన్స్ 0.1 ఓమ్ కంటే తక్కువుండేలా షార్ట్ చేస్తారు. పై పొర ఉష్ణోగ్రత 170 డిగ్రీలు దాటకూడదు, పరీక్ష సమయంలోనూ ఆ తర్వాత 6 గంటల్లోనూ పగలడం, విడిపోవడం, నిప్పు అంటుకోవడం జరగకూడదు. షార్ట్ తీసేశాక వెంటనే దగ్గరికి వెళ్ళకూడదన్నది ఆ 6 గంటల అర్థం.

ఎనిమిదో దశ: చల్లారిన తర్వాత

ఐఈసీ 62368-1 ప్రకారం లోపల మంట 10 సెకన్లకు మించి నిలవకూడదు. గుడ్డ, కాగితం చూడాలి. పెట్టె కరిగి రంధ్రం పడిందేమో పరీక్ష వేలితో (మనిషి వేలి ఆకారంలోని పరికరంతో) తడిమి, ప్రమాదకరమైన భాగం అందుతుందేమో చూడాలి. తర్వాత ప్రైమరీకి సెకండరీకి మధ్య ప్రమాణం చెప్పిన వోల్టేజీతో హైపాట్ (అధిక వోల్టేజీని ఇన్సులేషన్ తట్టుకుంటుందేమో చూసే) పరీక్ష చేయాలి. పైకి బాగానే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో టేపు మెత్తబడి ఇన్సులేషన్ పోయిన సంగతి ఇక్కడే బయటపడుతుంది. ఒకసారి నేను చూసిన అడాప్టర్‌లో అన్ని కొలతలూ పరిమితిలోనే ఉన్నాయి, గుడ్డ తెల్లగా ఉంది, హైపాట్‌లో మాత్రం సెకనులోపే పడిపోయింది. విప్పి చూస్తే ఆప్టోకప్లర్ కింద బోర్డు కార్బన్‌గా మారి ఉంది.

నివేదికలో ఒక్కో లోపానికీ ఒక్కో వరస ఉండాలి: భాగం గుర్తు, షార్ట్ చేసిన కాళ్ళు, సరఫరా వోల్టేజీ, సరఫరా రకం, పరీక్ష వ్యవధి, ఫ్యూజు గుర్తు, దాని కరెంటు, గరిష్ఠ ఉష్ణోగ్రతలు, పాడైన ఇతర భాగాలు, హైపాట్ ఫలితం. "ఏమీ జరగలేదు" అని రాయకూడదు. "ఆగిపోయింది, 2 గంటలు గమనించాం, ట్రాన్స్‌ఫార్మర్ 41 డిగ్రీలు, లోపం తీసేశాక మళ్ళీ మామూలుగా పనిచేసింది" అని రాస్తే, ఏడాది తర్వాత కంట్రోలర్ ఐసీ మార్చాల్సి వచ్చినప్పుడు ఏ వరసలను మళ్ళీ పరీక్షించాలో ఆ కాగితం చూసి నిర్ణయించవచ్చు.